మూడు వందల పేజీలు, ఒక్క పాఠకురాలు

మీ అమ్మ దీన్ని మీకు చదివి వినిపిస్తానని మాటిచ్చింది. మధ్యలో ఒకటి రెండు పేజీలు దాటేస్తుందని నాకు తెలుసు. దాని చిన్నప్పుడు కథలు చెప్తూ నేనూ అలాగే దాటేసేదాన్ని, ఆఫీసు నుంచి వచ్చి అలసిపోయి. కాబట్టి దాన్నేమీ అనను.

పోయిన ఆదివారం వీడియో కాల్‌లో మీరిద్దరూ బాతెల్‌లోని మీ ఇంటి నుంచి కనిపించారు. నేను ఇక్కడ మిషిగన్‌లో, నోవై ఊళ్ళో కిటికీ పక్కన కూర్చున్నాను, బయట మంచు పడుతోంది. "అమ్మమ్మా, ఇప్పుడు కోడ్ అంతా మెషిన్ రాస్తుంది. డాక్యుమెంటేషన్ కూడా అదే రాస్తుంది. నోబడీ హాజ్ టు రీడ్ ఇట్," అన్నావు, నాన్నా, నువ్వు. నీ ముఖంలో ఎంత సంతోషమో. అప్పుడు నీ చెల్లెలు అడిగింది, "అమ్మమ్మా, నువ్వు జాబ్‌లో ఏం చేసింది?" అని. "కార్లలో సీట్లు వేడి చేసేదాన్ని, తల్లీ," అన్నాను. "లైక్... స్టవ్ మీద?" అంది. ఇద్దరూ నవ్వుకున్నారు. ఈలోగా మీ పిజ్జా వచ్చింది, కాల్ అయిపోయింది.

ఆ జవాబు సగంలో ఆగిపోయింది. మిగతా సగం ఇది.

నేను పనిచేసిన కంపెనీ కార్ల సీట్ల కింద ఉండే హీటర్లు తయారు చేసేది. పేరు చెప్పను, చెప్పినా మీరు విని ఉండరు. మిషిగన్‌లో జనవరి నెలలో కారెక్కిన మనిషికి మొదట కావలసింది దేవుడు కాదు, వెచ్చని సీటు. ఆ వేడిని చూసుకునే చిన్న చిప్ లోపలి ప్రోగ్రామ్ మా టీమ్ రాసేది. చిప్‌కి సి భాషలో ఒక ప్రోగ్రామ్. ల్యాబ్‌లో ఆ చిప్‌ని పరీక్షించడానికి పైథాన్‌లో ఇంకొకటి. ఫ్యాక్టరీలో తయారైన సీటుని చివర్లో తనిఖీ చేసే మెషిన్‌కి మూడోది, దాని సొంత భాషలో.

చిక్కల్లా ఏమిటంటే, ఒకే సంగతి ఈ మూడింటికీ తెలియాలి. ఎన్ని డిగ్రీల దగ్గర ఆపాలి, ఎంతసేపు ఆగి చూడాలి, ఇలాంటి నంబర్లు. ఒకచోట మార్చినవాళ్ళు ఇంకోచోట మర్చిపోయేవాళ్ళు. ల్యాబ్ ఒక మాట, చిప్ ఒక మాట, ఫ్యాక్టరీ ఇంకో మాట. ఎవరిది ఒప్పో తేల్చడానికి మీటింగ్ పెడితే, ఆ మీటింగ్‌లో నాలుగో మాట బయటికొచ్చేది.

అప్పుడు నేనొక పనిముట్టు చేశాను. ఆ ఆలోచన నాది కాదు, నాకంటే చాలా ముందే పెద్దవాళ్ళు చెప్పినదే. ప్రోగ్రామ్‌ని మెషిన్‌కి ఇచ్చే ఆర్డర్‌లా కాక, మనిషికి చెప్పే కథలా రాయాలి. "ఇక్కడ మనకి ఈ ఇబ్బంది వచ్చింది, అందుకని ఇలా చేస్తున్నాం" అని మామూలు మాటల్లో రాసి, దాని కింద కోడ్ ముక్క పెట్టాలి. మళ్ళీ కథ, మళ్ళీ ముక్క. అంతా ఒకే ఫైల్. నంబర్ ఏదైనా సరే, ఆ ఫైల్‌లో ఒకే ఒక్కచోట ఉంటుంది.

తర్వాత నల్ల తెర మీద ఒక మాట టైప్ చేసి ఎంటర్ కొట్టాలి. బొమ్మలు, బటన్లు ఏమీ లేవు. నా పనిముట్టుకి రెండే మాటలు తెలుసు. "విప్పు" అంటే కథని పక్కన పెట్టి, కోడ్ ముక్కల్ని మాత్రం తీసి, ఏ భాషవి ఆ భాష ఫైళ్ళలో సర్దేది. "అల్లు" అంటే కథనీ కోడ్‌నీ కలిపి, చదువుకోవడానికి పుస్తకంలా తయారు చేసేది. సి అయినా పైథాన్ అయినా దానికి ఒకటే. కథ ఏ భాషలో ఉందో అసలు పట్టించుకోదు. ఈ చివరి మాట గుర్తుపెట్టుకోండి.

దీన్ని టీమ్ అంతటికీ నేనే నేర్పాను. నా గొంతు చిన్నది, మీకు తెలుసు. అందుకని నా సూత్రం పెద్ద అక్షరాలతో ప్రింట్ తీసి ల్యాబ్ గోడకి అతికించాను. ముందు కథ చదవండి, తర్వాతే కోడ్ చూడండి. ఒకరు చేసిన మార్పుకి ఇంకొకరు చూసి ఓకే చెప్పాలి. ఎవరైనా కథ చదవకుండా ఓకే చెప్తే, వాళ్ళ డెస్క్ దగ్గరికెళ్ళి నిలబడేదాన్ని. అరవడం నాకు రాదు. నిలబడేదాన్ని, అంతే. అరిస్తేనే నయమని ఒకతను మా మేనేజర్‌తో చెప్పుకున్నాడట.

మా మేనేజర్ ఇక్కడే పుట్టి పెరిగిన పెద్దమనిషి. మంచివాడు. ఆయనకి చార్టులంటే ప్రాణం. రోజుకోసారి కంప్యూటర్ దానంతటదే "అల్లు" నడిపి పుస్తకం తయారు చేసి, పక్కన పచ్చ టిక్ పెట్టేది. ఎన్ని పేజీలు వచ్చాయో ఆయన చార్టులోకి ఎక్కించేవాడు. గీత పైకి పోతూనే ఉండేది. నూట యాభై, రెండు వందలు, మూడు వందలు. కంపెనీ మొత్తంలో ఇంత వివరంగా రాసిపెట్టిన ప్రాజెక్ట్ లేదని మాకు ఒక కేక్ కూడా కోశారు. దాని మీద మా పేజీల సంఖ్య ఐసింగ్‌తో రాసి ఉంది.

ఆ పుస్తకాన్ని ఒక్కరంటే ఒక్కరు తెరిచి చూడలేదు.

తెరిచి ఉంటే ఏం కనబడేదో చెప్తాను. టీమ్‌లో నాతోపాటు ఇంకొక తెలుగతను ఉండేవాడు. కరీంనగర్ వైపు అబ్బాయి, ముప్పై దాటాయి, పెళ్ళయింది, హెచ్-వన్-బి వీసా మీద ఉన్నాడు. మొదటి రోజు నన్ను "ఆంటీ" అన్నాడు. "ఆఫీసులో ఆంటీ ఏమిటి బాబూ," అన్నాను. "మరి ఏమని పిలవాలె?" అన్నాడు. పేరు పెట్టి పిలవమంటే సిగ్గుపడిపోయాడు. చివరికి "మేడం" దగ్గర రాజీ పడ్డాం.

కథంతా ఇంగ్లీష్‌లో రాయాలన్నది రూలు. హీటర్ పని ఎక్కువ భాగం మా ఇద్దరిదే. మొదట్లో ఇంగ్లీష్‌లోనే రాశాం. ఒక వారం పని మీద పడింది. అతను ఒకచోట, ఇంగ్లీష్ అక్షరాలతోనే, ఫోన్‌లో మెసేజ్‌లు కొడతాం చూడండి, అలా తెలుగులో రాసేశాడు. నేను డెస్క్ దగ్గరికెళ్ళి నిలబడ్డాను.

"ఆగమాగం ఉన్నది మేడం. ఇంగ్లీష్‌ల ఆలోచించుకుంట రాసే టైం లేదు. 'విప్పు' కొడితే కథ ఎట్లాగూ పక్కకు పోతది కదా."

"తర్వాత మారుస్తావా?"

"మారుస్త. మీ మీద ఒట్టు."

"నా మీద ఎందుకు, నీ మీదే పెట్టుకో."

ఆ తర్వాత ఏమైందో నేను చెప్పక్కర్లేదు. నెల తిరగకుండా నేనూ తెలుగులోకి దిగిపోయాను. హాయిగా ఉండేది. ఇంగ్లీష్‌లో రాస్తే "వినియోగదారుల అవసరాల దృష్ట్యా" అన్నట్టు ఏదో వచ్చేది. తెలుగులో రాస్తే "కస్టమర్ పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి చెప్తున్నాడు, అందుకని రెండూ పెట్టాం" అని నిజం వచ్చేది. అతను తన యాసలో, నేను నా యాసలో, ఒకరి మాట కింద ఒకరం రాసుకుంటూ పోయాం. ఏ నంబర్ ఎందుకు మారింది, ఎవరు చెప్పారు, ఆ రోజు ఎవరి మూడ్ ఎలా ఉంది, అన్నీ అందులో ఉండేవి. ఇంగ్లీష్‌లోకి మార్చే పని మా ఇద్దరి లిస్టుల్లోనూ చివరన ఉండేది, ఎప్పుడూ చివరనే. పుస్తకం లావెక్కుతోంది, మేనేజర్ చార్ట్ పైకెక్కుతోంది, పచ్చ టిక్ పడుతోంది.

ఇక అసలు సంగతికి వస్తాను.

హీటర్‌లో ఒక జాగ్రత్త ఉంటుంది. హీటర్ వెలిగినా వేడి పెరుగుతున్నట్టు సెన్సర్ చెప్పకపోతే, సెన్సర్ పాడైందని అనుకుని హీటర్ ఆపేయాలి, లేకపోతే సీటు కాలిపోవచ్చు. ఆపేముందు ఎంతసేపు చూడాలి? తొంభై సెకన్లు. అది కార్ల కంపెనీ ఇచ్చిన నంబర్.

నవంబరులో, థాంక్స్‌గివింగ్ పండగకి ముందు ల్యాబ్‌లో పరీక్షలు సాగుతున్నాయి. ఒక్కో పరీక్షకి తొంభై సెకన్లు ఆగాలి, అలాంటివి వందలున్నాయి. నేను అతని డెస్క్ పక్కనుంచి నడుస్తూ, "ముప్పై పెట్టు బాబూ, త్వరగా తేలిపోతాయి. మళ్ళీ మార్చేద్దాం," అన్నాను. నా ఉద్దేశం ల్యాబ్ బల్ల మీద చేసే పరీక్షలకి మాత్రమే అని. కానీ నంబర్ ఒకచోటే ఉండాలని, ఒకచోట మారిస్తే అన్నిచోట్లా మారాలని పనిముట్టు చేసింది ఎవరు? నేనే. "బల్ల మీద మాత్రమే" అనే మాటకి అందులో చోటే లేదు.

అతను మార్చాడు. ఆ మార్పు ఓకే కోసం నా దగ్గరికి వచ్చింది. ఆ రోజు శుక్రవారం, ఆఫీసులో అందరూ ఇళ్ళ నుంచి వండి తెచ్చుకునే విందు. నా వంతు పులిహోర. కింద హాల్లో పెట్టి వచ్చాను, చల్లారిపోతోంది. నా ముందు పదకొండు మార్పులు వరసలో ఉన్నాయి. అన్నిటికీ ఓకే కొట్టేసి కిందికి పరుగెత్తాను. పులిహోర అందరికీ నచ్చింది.

పాత రోజుల్లో అయితే ఆ తప్పు బయటపడేది. చిప్ ముప్పై అంటే ల్యాబ్ తొంభై అనేది, కొట్టుకునేవి, మనం చూసేవాళ్ళం. ఇప్పుడు మూడు ప్రోగ్రాములూ ఏకగ్రీవంగా ముప్పై అన్నాయి. ల్యాబ్ పరీక్ష పాస్. ఫ్యాక్టరీ తనిఖీ పాస్. పచ్చ టిక్. నా పనిముట్టు తప్పుని కూడా మూడు భాషల్లో ఒక్క పొల్లు పోకుండా చేరవేసింది.

జనవరిలో కార్ల కంపెనీవాళ్ళు ఉత్తరాన, మంచు బాగా ఉండేచోట కార్లు పరీక్షించారు. అంత చలిలో సీటు లోపలి ఫోమ్ రాయిలా గడ్డకట్టుకుపోతుంది, మొదటి ముప్పై సెకన్లలో ఏమాత్రం వేడెక్కదు. చిప్ చూసింది, సెన్సర్ పాడైందనుకుంది, ఆపేసింది. ఏ కారెక్కినా అదే. హీటర్ నొక్కితే ఎర్రదీపం వెలిగి, మూడు పదులు లెక్కపెట్టేలోపు ఆరిపోతోంది.

ఎవరు మార్చారని మా మేనేజర్ మార్పుల చిట్టా చూశాడు. అందులో మార్చినవాళ్ళ పేరు పెద్దగా ఉంటుంది. ఓకే చెప్పినవాళ్ళ పేరు ఇంకో చోట, నొక్కితేగానీ కనబడదు. పెద్దగా ఉన్నది అతని పేరు. కస్టమర్, అంటే ఆ కార్ల కంపెనీ, ఇచ్చిన నంబర్‌ని చెప్పకుండా మార్చడమంటే మా పనిలో ఉద్యోగం పోయే తప్పు. ఉద్యోగం పోతే వీసా వాళ్ళకి అరవై రోజులు. ఆలోపు ఇంకో ఉద్యోగం దొరకాలి, లేదా సామాన్లు సర్దుకోవాలి. ఆ ముందటి శనివారమే అతను కారుకి నాలుగు స్నో టైర్లు వేయించుకున్నాడు. నాకెందుకు తెలుసంటే, ఎక్కడ మంచివి దొరుకుతాయో చెప్పింది నేనే.

ఏం జరిగిందో తేల్చడానికి కార్ల కంపెనీవాళ్ళు ఆడిట్‌కి వస్తామన్నారు. దానికి ముందురోజు లంచ్ రూమ్‌లో అతను నా ఎదురుగా వచ్చి కూర్చున్నాడు. డబ్బా తెరవలేదు.

"మేడం, ఆ ముప్పై... మీరు చెప్పిన్రు కదా. యాదికున్నదా?"

"చెప్పాను బాబూ. కానీ ల్యాబ్ బల్ల మీద అని చెప్పాను."

"బల్ల మీద అని మీరు అనలే మేడం."

"అన్నాను. అనకుండా ఎలా ఉంటాను? చిప్‌లో మార్చమని నేనెందుకు చెప్తాను?"

అతను తెరవని డబ్బా చేతిలోకి తీసుకున్నాడు. "సరే మేడం," అన్నాడు. లేచి వెళ్తూ, "అండ్ల రాసిన మేడం నేను. జర చూడుండ్రి," అన్నాడు.

"చూస్తాలే," అన్నాను.

చూడలేదు. మీకు ఇది చెప్పడానికే ఇంత రాశాను కాబట్టి దాచను. టైం లేక కాదు. ఆ మధ్యాహ్నం అంతా ఆ ఫైల్ నా ముందే తెరిచి ఉంది. ముప్పై అని వెతికితే ఒక్క క్షణంలో ఆ పేజీ వచ్చేది. బల్ల మీద అని నేను అన్నానని నాకు గట్టి నమ్మకం. అంత గట్టి నమ్మకం ఉన్నప్పుడు చూడటానికి భయమెందుకో నాకు అప్పుడు తోచలేదు.

మర్నాడు కార్ల కంపెనీ నుంచి ఒకావిడ వచ్చింది. ఇంచుమించు నా వయసే, మోకాళ్ళ కిందికి కోటు, మంచు బూట్లు. ఉత్తరాన పరీక్షించిన ఆ కార్లలో ఒకటి స్వయంగా రెండు గంటలు నడిపిందట. కూర్చోమంటే కుర్చీ వైపు ఒకసారి అనుమానంగా చూసి కూర్చుంది. గదిలో మేము నలుగురం. ఆవిడ, మేనేజర్, అతను, నేను. మాటలన్నీ ఇంగ్లీష్‌లోనే నడిచాయి, నేను మన మాటల్లో చెప్తాను.

"ముప్పై ఎందుకు?" అందావిడ. "ఎవరు అన్నదాని కన్నా నాకు ఎందుకు అన్నది కావాలి."

మేనేజర్ గొంతు సవరించుకున్నాడు. "ఇది ఒక వ్యక్తి చేసిన పొరపాటు. మేము తగిన చర్య తీసుకుంటున్నాం. మా పద్ధతి మాత్రం చాలా గట్టిది. ఇంత డాక్యుమెంటేషన్ ఉన్న ప్రాజెక్ట్ మీరు చూసి ఉండరు." అంటూ గోడ మీది తెర మీద చార్ట్ వేశాడు. గీత పైకి పోతోంది.

"బాగుంది," అందావిడ. "తెరవండి."

మొదటిసారి తెరిచాడు, పాపం. కిందికి జరిపాడు. ఇంకా కిందికి జరిపాడు. అక్షరాలన్నీ ఇంగ్లీష్‌వే, ఒక్క ముక్కా అర్థం కావడం లేదు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

"ఫైల్ పాడైనట్టుంది," అన్నాడు. "మార్చేటప్పుడు అక్షరాలు కలగాపులగం అయిపోయాయి. సోమవారం కల్లా సరైన కాపీ పంపిస్తాం."

నా పక్కన అతను తల దించుకున్నాడు. ఫైల్ పాడైంది అంటే అక్కడితో అయిపోతుంది. మూడు వందల పేజీలూ పోతాయి, నా మీదికి ఏదీ రాదు, అరవై రోజుల లెక్క ఆ సాయంత్రమే మొదలవుతుంది. నేను మాట్లాడకుండా ఉంటే చాలు. మాట్లాడకుండా ఉండటం నాకు బాగా వచ్చిన పని.

"పాడవలేదు," అన్నాను. "అది తెలుగు."

మేనేజర్ నా వైపు తిరిగాడు. "మొత్తమా?"

"మొదటి ముప్పై పేజీలు ఇంగ్లీషే."

ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని తెర దగ్గరికి నడిచింది. తెలుగు మధ్యలో ఇంగ్లీష్ మాటలు అక్కడక్కడా ఉంటాయి కదా, వాటిని వేలితో చూపిస్తూ పోయింది. "ఇక్కడ మేనేజర్ అని ఉంది. ఇక్కడ కూడా. ఇదేమిటి? చదవండి."

అది నేను రాసిందే. చదివాను. "మేనేజర్ పేజీలు లెక్కపెడతాడు, చదవడు. ఆయన ఇది చదివిన రోజున టీమ్ అందరికీ గారెలు వండి తెస్తాను."

"గారెలు అంటే ఏమిటి?" అని అడిగాడు మేనేజర్. చెప్పాను. ఆయన నోట్‌బుక్‌లో రాసుకున్నాడు. ఎందుకో నాకు ఇప్పటికీ తెలీదు.

"ముప్పై ఉన్న పేజీకి వెళ్ళండి," అందావిడ.

వెళ్ళాం. కోడ్ ముక్క ఒకటే లైను. దాని మీద అతను రాసిన పేరా. ఆ గదిలో అది చదవగలిగిన వాళ్ళం ఇద్దరమే. అందులో ఒకడి మాట ఇక ఎవరూ నమ్మరు. నేను ఏం చదివితే అదే అందులో ఉన్నట్టు. నేను ఒక వాక్యం మింగేసినా అతను నోరు తెరవడు. ముందురోజు లంచ్ రూమ్‌లో "సరే మేడం" అన్నవాడు, ఇక్కడా అదే అంటాడు.

మొదట నాలో నేను చదువుకున్నాను. ఇదీ అందులో ఉన్నది:

"మేడం ముప్పై పెట్టమన్నరు, టెస్టులు జల్ది అయితయని. బల్ల మీదనే పెట్టాలనా, చిప్‌ల కూడనా అని అడుగుదామనుకున్న. మేడం పోతనే ఉన్నరు, అడగనియ్యలే. మనం ఒక్కచోట మారిస్తే చిప్‌ల కూడ మారుతది. ఇది తప్పు అని నాకు అనిపిస్తున్నది. మేడంతోని వాదించి గెలిచినోడు లేడు. అందుకే ఈడ రాస్తున్న. ఓకే కొట్టే ముందు మేడం కథ తప్పక చదువుతరు. ఈ మొత్తం ఆఫీస్‌ల చదివేది ఆమె ఒక్కరే. చదివి, వద్దంటె, మళ్ళ తొంభై చేస్త."

ఆవిడ నా ముఖం వైపు చూస్తోంది. "పెద్ద పేరానా?" అంది.

"పెద్దదే," అన్నాను.

చదివాను. ఒక్కో వాక్యం ఇంగ్లీష్‌లో చెప్పాను. "వాదించి గెలిచినోడు లేడు" దగ్గర మేనేజర్ తలూపాడు. "చదివేది ఆమె ఒక్కరే" దగ్గర నా గొంతు ఇంకా చిన్నదైపోయింది. వినబడలేదు, మళ్ళీ చెప్పమందావిడ. మళ్ళీ చెప్పాను. ఆ వాక్యాన్ని నేను రెండుసార్లు చదవాల్సి వచ్చింది, రెండుసార్లూ పైకే.

"మీరు చదివారా?" అని అడిగింది.

"లేదు. పదకొండు మార్పులకి ఒకేసారి ఓకే కొట్టాను. పులిహోర చల్లారిపోతోందని."

పులిహోర ఏమిటని ఈసారి ఎవరూ అడగలేదు.

ఆవిడ కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుంది. "నేను చాలా కంపెనీల డాక్యుమెంట్లు చూశాను," అంది. "అన్నీ నాకు అర్థమయ్యే భాషలోనే ఉంటాయి. ఎందుకు అన్నది మాత్రం ఏ ఒక్కదాంట్లోనూ ఉండదు." అది మెచ్చుకోలా, తిట్టా అన్నది నాకు తెలియలేదు. తర్వాత మేనేజర్ వైపు తిరిగి, "ఇది మొత్తం ఇంగ్లీష్‌లో నాకు కావాలి. ఒక్క వాక్యం వదలకుండా. మీ గురించి ఉన్నవి కూడా," అంది.

అతని ఉద్యోగానికి ఏమీ కాలేదు. నన్ను టీమ్ లీడ్ పని నుంచి తప్పించారు. లీడ్ అతనే అయ్యాడు. ఇంగ్లీష్‌లోకి మార్చే పని నాకు పడింది, దాన్ని సరిచూసే పని అతనికి. మూడు నెలలు పట్టింది. మార్చడం ఎప్పుడూ మా లిస్టుల్లో చివరన ఉండేది కదా, ఇప్పుడు లిస్టు మొత్తం అదొక్కటే అయింది.

సరిచూడటంలో అతను నా కంటే గట్టివాడని తేలింది.

"మేడం, ఈడ 'ఆగమాగం' అని రాసిన. మీరు 'షెడ్యూల్ ప్రెషర్' అని పెట్టిన్రు."

"మరి ఏమని పెట్టాలి?"

"అది కాదు మేడం అది. ఆగమాగం అంటె మనుషులు గుడ ఆగమైతరు."

నేను నాలుగు వాక్యాలు రాస్తే గానీ ఆ ఒక్క మాటకి ఓకే చెప్పలేదు. అప్పుడప్పుడు నా డెస్క్ దగ్గరికి వచ్చి ఊరికే నిలబడేవాడు. ఎక్కడ నేర్చుకున్నాడో మీకు చెప్పక్కర్లేదు.

ఆవిడ వచ్చి వెళ్ళాక మొదటి సోమవారమే గారెలు తీసుకెళ్ళాను. మేనేజర్ మూడు తిన్నాడు. ఆ నెల చార్ట్‌లో పేజీల గీత తీసేసి, "చదివినవాళ్ళు" అని కొత్త గీత పెట్టాడు. అది సున్నా దగ్గర మొదలై, చాలాకాలం ఒకటి దగ్గరే ఉండిపోయింది. ఆ ఒకటి నేను, సరిచూసే అతన్ని ఆయన లెక్కలో వేయలేదు. గోడ మీది నా సూత్రాన్ని నేనే పీకేద్దామనుకున్నాను. "ఉంచుండ్రి మేడం," అన్నాడతను. "ఇప్పుడే కదా పనికొచ్చింది."

నేను రిటైర్ కావడానికి ఒక ఏడాది ముందు అతనికి ఎడిసన్ ఊరి వైపు మంచి ఉద్యోగం వచ్చింది. వెళ్ళిపోయే రోజున అందరికీ ఈమెయిల్ పెట్టాడు, అందరూ పెట్టేలాంటిదే. నాకు విడిగా ఏమీ రాయలేదు. కేక్ కోశారు, ఫొటోలు దిగారు, "వస్త మేడం" అని వెళ్ళిపోయాడు. కొంచెం చిన్నబుచ్చుకున్నాను. ఆడదాన్ని, పెద్దదాన్ని, ఎన్నేళ్ళు పక్కపక్కన కూర్చున్నాం.

డెస్క్ దగ్గరికి వచ్చేసరికి ఓకే కోసం ఒక మార్పు ఉంది. అతనే పెట్టాడు. కోడ్‌లో ఒక్క అక్షరమూ మారలేదు. "విప్పు" కొడితే ఏ ఫైల్‌లోనూ తేడా రాదు, మెషిన్‌కి సంబంధించినంతవరకు అక్కడ ఏమీ జరగనట్టే. తొంభై ఉన్న లైన్ మీద, కథలో, కొత్త పేరా ఒకటి చేరింది. రూలుకి విరుద్ధంగా తెలుగులో.

"మేడం, తొంభై తొంభైగనే ఉన్నది. పోయేముందు చూసి పోతున్న. ఇగ మీరే చూసుకోవాలె. ఆ రోజు మీరు ఫైల్ ఖరాబయింది అంటె నేను ఏమనేటోణ్ణి కాదు. మీకు ఎరికే. సీటు వెచ్చగ ఉన్నప్పుడల్ల యాదికొస్తరు."

అతను పార్కింగ్‌లో ఇంకా కారు మీది మంచు గీకుతున్నాడు, కిటికీలోంచి కనబడుతున్నాడు. నేను కూర్చుని, ఆ పేరా కింద ఒకే ఒక్క మాట రాసి, ఓకే కొట్టాను. చదివాను, అని. అది అతను చూశాడో లేదో తెలీదు. కానీ ఆ ఫైల్ తెరిచే అధికారం అతనికి సాయంత్రం అయిదు దాకా ఉంది.

నాన్నా, ఇప్పుడు మెషినే రాస్తుంది, ఎవరూ చదవక్కర్లేదు అన్నావు. నీ మాట నిజమే అయ్యుంటుంది. నాతో కూడా ఒక మెషిన్ పనిచేసింది, అది చెప్పిన పని చెప్పినట్టు చేసింది. దానివల్ల ఏ ఇబ్బందీ రాలేదు.

మీ అమ్మ ఏ పేజీలు దాటేసిందో నాకు తెలీదు. మీరు ఇక్కడిదాకా వచ్చి ఉంటే, కింద ఖాళీ వదిలాను. ఏ భాషలో అయినా సరే, ఒక్క మాట రాసి పంపండి.